గాంధీ హత్య కుట్ర: సర్కారుకు తెలిసిందెంత, కదిలిందెంత?

గాంధీ హత్య కేసు 1948 మే 27న ఢిల్లీ ఎర్రకోటలో మొదలైంది. ఆ ప్రత్యేక కోర్టులో సాక్షుల మాటల్ని హిందుస్తానీలోకి, మరాఠీలోకి, తెలుగులోకి మార్చి చెప్పే దుబాసీలుండేవాళ్ళు. హిందుస్తానీ, మరాఠీ ఎందుకో ఎవరికైనా అర్థమవుతుంది. మరి తెలుగు ఎవరికోసం? ముద్దాయిల్లో ఒకడైన శంకర్ కిస్తయ్య కోసం. పూణేలో దిగంబర్ బాడ్గే అనే ఆయుధాల వ్యాపారి దగ్గర నౌకరు అతను. రిక్షా లాగేవాడు, బండి తోసేవాడు, యజమాని ఏ పని చెబితే ఆ పని చేసేవాడు. కోర్టులో ఏం జరుగుతుందో తెలుగులో చెబితేనే అతనికి తెలిసేది.

ఈ కేసు మీద మరాఠీలో, ఇంగ్లీషులో పుస్తకాలు గుట్టలుగా వచ్చాయి. నాథూరాం గాడ్సే కోర్టులో చదివిన ప్రకటన గురించి, అతని 'ధైర్యం' గురించి రాసినవాళ్ళకు లెక్కలేదు. ఆ తెలుగు నౌకరుకు మాత్రం అన్నిట్లోనూ నాలుగైదు వాక్యాలే దక్కాయి. శంకర్‌ను మన కులం లెక్కలో వేసుకోవడానికి మేం ఈ మాట అనడం లేదు. గాంధీని మన నాయకుడిగా చేసుకోవడానికి అంతకన్నా కాదు. గాంధీతో మన తగాదా 1932 నాటి పూనా ఒప్పందంతో మొదలైంది, అది తీరిపోలేదు. వర్ణవ్యవస్థ గురించి ఆయన రాసిన మాటల్ని ఆయన చావు కడిగేయదు. అయినా ఈ కేసును మనం మళ్ళీ చదవాలి అంటున్నాం. కుట్రలో ఎవరి పేరు పైకొస్తుంది, ఎవరి పేరు అడుగునే ఉండిపోతుంది, పోలీసు చేతికి ముందే చేరిన సమాచారం ఎవరి గడప దగ్గర ఆగిపోతుంది అనేవి ఈ కేసులో కాగితాల మీదే కనిపిస్తాయి. కారంచేడు, చుండూరు కేసుల వెంట తిరిగినవాళ్ళకు ఇది పరిచయమైన కథే.

1934ను వదిలేసి 1948 అర్థం కాదు

గాంధీని ఎందుకు చంపారు అంటే హంతకుల తరఫున చెప్పే జవాబు అందరికీ తెలిసిందే: దేశ విభజన, పాకిస్తాన్‌కు 55 కోట్ల రూపాయలు ఇప్పించడం. ఈ జవాబునే సగం మంది చరిత్రకారులు కూడా ఒప్పేసుకున్నారు.

కానీ 1934 జూన్ 25న పూణేలో గాంధీ ప్రయాణిస్తున్నాడనుకున్న కారు మీద బాంబు పడింది. పురపాలక సంఘం సన్మానానికి వెళుతున్నాడాయన. బాంబు పడింది వేరే కారు మీద కాబట్టి ఆయన బతికాడు, కొందరు గాయపడ్డారు. అప్పటికి పాకిస్తాన్ లేదు, 55 కోట్లు లేవు. మరి అప్పుడేం జరుగుతోంది? అంటరానితనానికి వ్యతిరేకంగా ఆయన చేస్తున్న 'హరిజన యాత్ర' జరుగుతోంది. 1933 నవంబరులో మొదలైన ఆ యాత్ర ఆంధ్ర దేశంలో కూడా తిరిగి వెళ్ళింది. ఏప్రిల్‌లో దేవఘర్ దగ్గర సనాతనులు ఆయన కారు మీద దాడి చేశారు. రెండు నెలలకు పూణేలో బాంబు. దాన్ని విసిరిందెవరో తేలలేదు, కాబట్టి ఫలానా వాళ్ళే అని మేం రాయం. 1944లో పంచ్‌గనిలో జరిగిందని చెప్పే గొడవ మీద సాక్ష్యాలు గట్టివి కావు కనుక దాన్ని పక్కన పెడుతున్నాం. అయితే ఒక్క మాట చెప్పగలం. అంటరానివాళ్ళను గుళ్ళోకి రానివ్వమని అడిగినంత మాత్రానికే, అదీ వర్ణాన్ని సమర్థిస్తూ అడిగినవాడికే, ప్రాణాపాయం వచ్చింది. 'విభజన వల్ల చంపాం' అనే వాదన ఈ పద్నాలుగేళ్ళ ముందు సంగతిని దాచిపెడుతుంది. కుట్ర మతం పేరు మీద జరిగింది. ఆ మతానికి ఒక కులవ్యవస్థ వెన్నెముకగా ఉంది.

ఇక్కడొక జాగ్రత్త కూడా చెప్పాలి. గాడ్సే, ఆప్టే చిత్పావన బ్రాహ్మణులన్న సంగతి బయటపడగానే 1948 ఫిబ్రవరిలో మహారాష్ట్ర పట్టణాల్లో, పల్లెల్లో బ్రాహ్మణుల ఇళ్ళు తగలబెట్టారు. కుట్రతో ఏ సంబంధమూ లేని కుటుంబాలు రోడ్డున పడ్డాయి. పుట్టుకను బట్టి నేరం అంటగట్టే పద్ధతిని మనం ఎవరి మీదా ఒప్పుకోలేం. ఆ పద్ధతి ఎవరి మీద చట్టంగా అమలైందో కాసేపట్లో చూద్దాం.

పది రోజులు

1948 జనవరి 20న ఢిల్లీ బిర్లా హౌస్‌లో గాంధీ ప్రార్థన సభ జరుగుతుండగా వెనక గోడ దగ్గర మందుగుండు పేలింది. పేల్చిన మదన్‌లాల్ పహ్వా అనే పంజాబీ శరణార్థి యువకుడు అక్కడే దొరికిపోయాడు. మిగతా వాళ్ళు పారిపోయారు. అంటే హత్యకు పది రోజుల ముందే ముఠాలో ఒకడు పోలీసుల చేతిలో ఉన్నాడు. అతను నోరు విప్పాడు కూడా. ఆ రాత్రే పోలీసులు మెరీనా హోటలుకు పోయారు. దేశ్‌పాండే అనే దొంగపేరుతో ఇద్దరు దిగిన గది అది. అక్కడ చాకలికి వేసిన బట్టల మీద 'ఎన్.వి.జి.' అని గుర్తు ఉంది. నాథూరాం వినాయక్ గాడ్సే పేరులోని పొడి అక్షరాలవి.

ఇక పూణే నుంచి వచ్చే ఒక పత్రిక ఎడిటరు ఈ ముఠాలో ఉన్నాడన్న సంగతి. ఆ పత్రిక పేరు మొదట 'అగ్రణి', తర్వాత 'హిందూ రాష్ట్ర'. ఎడిటరు గాడ్సే, యజమాని ఆప్టే. ఇది రహస్యమేమీ కాదు. మత విద్వేషం రాతల మీద బొంబాయి ప్రభుత్వమే ఆ పత్రిక నుంచి ధరావతు కట్టించుకుంది, ఆ ధరావతు జప్తయ్యాక పత్రిక పేరు మారింది. పత్రికల వివరాలతో ప్రభుత్వం దగ్గర ఉండే పట్టీలో ఎడిటరు ఎవరు, యజమాని ఎవరు, ఏ వర్గం పత్రిక అన్నవన్నీ ఉన్నాయి. ఒక గుమాస్తా బీరువా తెరిస్తే దొరికే సంగతి.

బొంబాయిలో మరో దారిలో ఇంకా ముందే సమాచారం వచ్చింది. రుయా కాలేజీలో ప్రొఫెసరు జె.సి. జైన్ పుస్తకాలు అమ్మిపెడుతూ మదన్‌లాల్ ఆయనకు పరిచయమయ్యాడు. గాంధీని చంపే పథకం ఉందని జనవరి రెండో వారంలోనే ఆయనతో అన్నాడు. జైన్ అప్పుడు పూర్తిగా నమ్మలేదు. 20న పేలుడు వార్త చదివి, 21న బొంబాయి ప్రధాని బి.జి. ఖేర్ దగ్గరికీ, హోంమంత్రి మొరార్జీ దేశాయ్ దగ్గరికీ పరిగెత్తాడు. మొరార్జీ ఆ రాత్రే రైలెక్కబోతూ బొంబాయి స్పెషల్ బ్రాంచి డిప్యూటీ కమిషనరు నగర్‌వాలాకు విషయం చెప్పాడు. అహ్మద్‌నగర్ హిందూ మహాసభ మనిషి కర్కరేను పట్టుకోమన్నాడు, సావర్కర్ ఇంటి మీద కన్నేసి ఉంచమన్నాడు. జైన్ పేరు మాత్రం చెప్పలేదు. పేరు బయటపెట్టవద్దని జైన్ కోరాడన్నది కారణం. మరునాడు అహ్మదాబాదులో సర్దార్ పటేల్‌కు కూడా చెప్పాడు. ఒక హోంమంత్రి నుంచి ఇంకో హోంమంత్రికి, మాట మీద మాటగా, విషయం పైకి చేరింది. కిందికి, అంటే పూణే వీధిలో మనిషిని గుర్తుపట్టగల పోలీసు దగ్గరికి, చేరలేదు.

నగర్‌వాలా ఏం చేశాడు? ఇది హత్య పథకం కాదు, గాంధీని ఎత్తుకుపోయే పథకం అని ఒక ఊహ కట్టుకున్నాడు. ఆ ఊహ వెంట బొంబాయిలో తిరిగాడు. ఢిల్లీ నుంచి 21న విమానంలో వచ్చిన ఇద్దరు పోలీసు అధికారుల్ని రెండు మూడు రోజుల్లోనే తిప్పి పంపాడు. 'ఎడిటరు' అన్న మాట ఉన్న కాగితం తాము చూపించామని వాళ్ళంటారు, నాకు చూపలేదని ఆయనంటాడు. ఆ కాగితం కథేమిటో తేల్చడానికి తర్వాత ఒక కమిషన్ చాలా పేజీలు ఖర్చు చేయాల్సి వచ్చింది. దాన్ని పక్కన పెట్టినా, పూణే సి.ఐ.డి. డి.ఐ.జి. రాణా అప్పుడు ఢిల్లీలోనే ఉన్నాడు. 25వ తేదీన మదన్‌లాల్ పూర్తి వాంగ్మూలం ఆయన చేతికిచ్చారు. ఆయన విమానం ఎక్కలేదు, అలహాబాదు మీదుగా రైల్లో బయల్దేరి 27న బొంబాయి చేరాడు. ఆ ఎడిటరు ఎవరో కనుక్కోమని తన పూణే ఆఫీసుకు ఒక టెలిఫోను కూడా చేయలేదు. అదే 27న గాడ్సే, ఆప్టే దొంగపేర్లతో బొంబాయి నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్ళారు. అక్కడి నుంచి గ్వాలియర్ పోయి పిస్తోలు సంపాదించుకున్నారు. 30 సాయంత్రం ఐదుంబావు దాటాక గాంధీ నేల కూలాడు.

ఢిల్లీలో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. కేంద్ర ఇంటెలిజెన్సు బ్యూరో అధిపతి టి.జి. సంజీవి అప్పుడు ఢిల్లీ పోలీసు ఐ.జి. కూడా. రెండు కుర్చీలూ ఒకే మనిషివి కాబట్టి ఒక చేతి సంగతి ఇంకో చేతికి తెలియలేదనే సాకు కూడా మిగల్లేదు. బిర్లా హౌస్‌లో పోలీసుల సంఖ్య పెంచారు. సభకొచ్చేవాళ్ళను తనిఖీ చేయడానికి గాంధీ ఒప్పుకోలేదు, అది నిజమే. కానీ గాడ్సే ముఖం తెలిసిన పూణే పోలీసుల్ని నలుగుర్ని పిలిపించి గేటు దగ్గర నిలబెట్టడానికి గాంధీ అనుమతి అవసరం లేదు. ఎర్రకోట జడ్జి ఆత్మచరణ్ కూడా తన తీర్పులో దాదాపు ఇదే అన్నాడు. జనవరి 20కీ 30కీ మధ్య పోలీసులు చురుగ్గా పనిచేసి ఉంటే ఈ ఘోరం తప్పి ఉండేదేమోనని.

సత్యవినాయక పూజ

ఈ సంగతులన్నీ దాదాపు పదిహేడేళ్ళు అణిగి ఉన్నాయి. 1964 అక్టోబరులో గోపాల్ గాడ్సే, కర్కరే, మదన్‌లాల్ జైలు నుంచి విడుదలయ్యారు. నవంబరు 12న పూణేలో సత్యవినాయక పూజ పెట్టి, వాళ్ళకు సన్మానం చేశారు. ఆ సభలో జి.వి. కేత్కర్ మాట్లాడాడు. ఈయన తిలక్‌కు కూతురి కొడుకు, 'కేసరి'కి ఎడిటరుగా పనిచేసినవాడు. హత్య సంగతి తనకు ముందే తెలుసనీ, బాలూకాకా కానిట్కర్ అనే కాంగ్రెసు మనిషి ద్వారా ఖేర్‌కు కబురు కూడా పంపాననీ గొప్పగా చెప్పాడు. మా దృష్టిలో ఈ సభ చాలా ముఖ్యమైన సాక్ష్యం. ఎవరికీ భయం లేదు చూడండి. హంతకుల మిత్రులు దేవుడి పూజ పెట్టుకుని, అచ్చు వేసిన ఆహ్వానాలు పంచి, పట్టణంలో పెద్దమనుషులను పిలిచి, 'మాకు ముందే తెలుసు' అని మైకులో చెప్పుకోగలిగారు. మాదిగవాడలో ఎవడైనా ఒక దొంగతనం గురించి 'నాకు ముందే తెలుసు' అంటే తెల్లారేసరికి ఎక్కడుంటాడో చదువరులకు చెప్పనక్కర్లేదు.

పార్లమెంటులో గొడవ అయ్యాక ప్రభుత్వం 1965లో గోపాల్ స్వరూప్ పాఠక్‌తో ఏకసభ్య విచారణ వేసింది. ఆయన మంత్రి కావడంతో 1966 నవంబరులో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జీవన్‌లాల్ కపూర్‌కు అప్పగించారు. నివేదిక 1969లో వచ్చింది. కపూర్ కమిషన్‌ను అడిగిన ప్రశ్నలు మూడే: కుట్ర సంగతి ముందుగా ఎవరికి తెలుసు, వాళ్ళు దాన్ని ప్రభుత్వానికి చెప్పారా, చెబితే ప్రభుత్వం ఏం చేసింది. ఈ మూడు ప్రశ్నల్ని విడగొట్టి అడగడం నేర్చుకోవాలి. 'ప్రభుత్వ హస్తం ఉంది' అని మనం సభల్లో తేలిగ్గా అనేస్తాం. హస్తం ఉండటం వేరు, తెలిసి ఉండటం వేరు, తెలిసీ కదలకపోవడం వేరు. మూడింటికీ సాక్ష్యం వేరువేరుగా కావాలి.

హస్తం సంగతి ముందు చూద్దాం. నెహ్రూ ప్రభుత్వంగానీ, బొంబాయి ప్రభుత్వంగానీ కుట్రలో భాగమన్నదానికి ఏ ఆధారమూ లేదు. కొందరు ఉత్సాహవంతులు పటేల్ కావాలనే ఊరుకున్నాడని రాస్తుంటారు, దానికీ ఆధారం లేదు. హత్య జరిగిన నెలలోపే, 1948 ఫిబ్రవరి 27న నెహ్రూకు రాసిన ఉత్తరంలో పటేల్, ఇది సావర్కర్ నేరు ఆధ్వర్యంలోని హిందూ మహాసభ తీవ్రవర్గం పన్నిన కుట్ర అని తన అభిప్రాయం స్పష్టంగానే రాశాడు. ఆర్.ఎస్.ఎస్.కు ఇందులో ప్రమేయం లేదని కూడా అదే ఉత్తరంలో రాశాడు. రెండో సగాన్ని మనవాళ్ళు, మొదటి సగాన్ని వాళ్ళు తరచూ వదిలేస్తుంటారు. సంస్థానాల సంగతి కాస్త వేరు. ఆళ్వార్ మీద అనుమానం ఎంత బలంగా ఉండిందంటే, ఆ రాజునూ, దివాను ఎన్.బి. ఖరేనూ రాజ్యం విడిచి ఢిల్లీలో ఉండమన్నారు. కుట్రతో వాళ్ళకు సంబంధం రుజువు కాలేదు. గ్వాలియర్‌లో పిస్తోలు దొరికింది, అది సమకూర్చారన్న ముగ్గురు నిందితులు పరారీలోనే ఉండిపోయారు.

రెండోది, తెలిసి ఉండటం. ఖేర్‌కు 1947 జూలైలోనే కానిట్కర్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కాంగ్రెసు పెద్ద నాయకుల ప్రాణాలకు ముప్పుందని అందులో ఉంది. కేత్కర్ గొప్పలు చెప్పుకున్నట్టు అతని కబురు మాత్రం సమయానికి చేరిందని కమిషన్ నమ్మలేదు. మూడోది, కదలకపోవడం. ఇది అక్షరాలా రుజువైంది. పైన పది రోజుల కథ అంతా ఆ నివేదిక బయటపెట్టిందే.

ఎందుకు కదలలేదు అన్నదగ్గర కమిషన్ ఆగిపోయింది. అలసత్వం, సమన్వయ లోపం అని అధికార భాష వాడింది. మేం అక్కడ ఆగదలచుకోలేదు. 1948 జనవరి నాటికి బొంబాయి రాష్ట్రంలో నేరస్త తెగల చట్టం ఇంకా అమల్లో ఉంది. దేశమంతటా అది రద్దయింది 1952లోనే. సోలాపూర్‌లో కంచె వేసిన సెటిల్‌మెంటు ఉండేది. మన వైపు స్టువర్టుపురం, కావలి, సీతానగరం ఎలాగో అదీ అలాగే. అక్కడ పుట్టిన పాపానికి మనుషులు పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి, రాత్రి ఇంట్లో ఉన్నాడో లేడో జవాను వచ్చి చూసి పోతాడు. ఎరుకల, కైకాడి, పార్థీ కుటుంబాల్లో పసిపిల్లల పేర్లు కూడా పట్టీలో ఉండేవి. అంటే ఆ ప్రభుత్వానికి మనుషుల మీద కన్నేసి ఉంచడం చేతకాక కాదు. వేలమందిని రోజూ లెక్కపెట్టడానికి దాని దగ్గర జవాన్లూ ఉన్నారు, రిజిస్టర్లూ ఉన్నాయి. తన దగ్గరే ధరావతు కట్టిన ఒక ఎడిటరు ఇంట్లో ఉన్నాడా లేడా అని చూడటానికి మాత్రం పది రోజులు చాలలేదు. కావాలని చూడలేదనడం లేదు. చదువుకున్నవాడు, పత్రిక నడిపేవాడు, సభల్లో అధ్యక్షుడి పక్కన కూర్చునేవాడు హంతకుడు కాగలడని ఆ పోలీసు బుర్రకు తట్టదు. 'ఎత్తుకుపోతారు' అనే ఊహ పుట్టింది కూడా అక్కడే అని మా అనుమానం. అనుమానమే, రుజువు లేదు.

పైకి ఎక్కని సాక్ష్యం

ఇప్పుడు మళ్ళీ ఎర్రకోటకు రావాలి. ఈ కేసులో అప్రూవరు బాడ్గే. ఆయుధాలు అమ్మినవాడు, బొంబాయి నుంచి ఢిల్లీదాకా ముఠాతో వచ్చినవాడు. 1948 జూన్‌లో క్షమాభిక్ష పొంది సర్కారు సాక్షిగా మారాడు. అప్పటి సాక్ష్య చట్టం ప్రకారం అప్రూవరు మాట చెల్లుతుంది. అయితే నేరంలో తానూ భాగస్తుడు కాబట్టి, ప్రతి ముద్దాయి విషయంలోనూ అతని మాటను బలపరిచే మరో సాక్ష్యం ఉంటే తప్ప శిక్ష వేయకూడదనేది కోర్టులు పాటించే పద్ధతి. మంచి పద్ధతే. పోలీసులు పుట్టించే అప్రూవర్ల నుంచి పేదవాళ్ళను కాపాడేది కూడా ఇదే, దాన్ని మనం వదులుకోకూడదు.

జనవరి 17న గాడ్సే, ఆప్టే బొంబాయిలో సావర్కర్ ఇంటి మేడెక్కి దిగారనీ, విజయం సాధించి రమ్మని ఆయన దీవించాడనీ బాడ్గే చెప్పాడు. బాడ్గే కింద ఉన్నాడు, మేడ మీద మాటలు వినలేదు. జడ్జి బాడ్గేను మొత్తం మీద నమ్మాడు, కానీ సావర్కర్ వరకు అతని ఒక్కడి మాట మీద ఆధారపడటం క్షేమం కాదన్నాడు. 1949 ఫిబ్రవరి 10న సావర్కర్‌ను నిర్దోషిగా వదిలేశారు. ప్రభుత్వం అప్పీలుకు పోలేదు. చట్టం ప్రకారం ఆ తీర్పు అలాగే ఉంది.

కపూర్ కమిషన్ ముందుకు వచ్చిన కాగితాల్లో మాత్రం వేరే సంగతి ఉంది. సావర్కర్ అంగరక్షకుడు అప్పా కాసర్, కార్యదర్శి గజానన్ దామ్లే ఇద్దరూ 1948 మార్చి 4న బొంబాయి పోలీసులకు వాంగ్మూలాలిచ్చారు. జనవరి మధ్యలో గాడ్సే, ఆప్టే సావర్కర్‌ను కలిశారని, పేలుడు తర్వాత 23, 24 తేదీల ప్రాంతంలో మళ్ళీ వచ్చారని వాటిలో ఉంది. కోర్టు వెతికింది బలపరిచే సాక్ష్యం కోసమే. ఆ ఇద్దర్నీ ఎర్రకోటలో సాక్షులుగా నిలబెట్టలేదు. కేసు మొదలయ్యేనాటికే ఆ కాగితాలు పోలీసు ఫైల్లో ఉన్నాయి. నిలబెడితే అడ్డప్రశ్నలకు తట్టుకునేవాళ్ళో లేదో మనం చెప్పలేం, నిలబెట్టలేదన్నది మాత్రం చెప్పగలం. ఇవన్నీ చూశాక కపూర్, సావర్కరూ ఆయన వర్గమూ చేసిన హత్యా కుట్ర అన్న సిద్ధాంతం తప్ప మరేదీ నిలబడదనే అభిప్రాయానికొచ్చాడు. అప్పటికి సావర్కర్ చనిపోయి మూడేళ్ళు దాటింది. కమిషన్ అభిప్రాయం తీర్పు కాదు, చనిపోయినవాడు జవాబు చెప్పుకోలేడు. హత్య కేసును మళ్ళీ విచారించాలన్న పిటిషన్‌ను 2018 మార్చిలో కొట్టేస్తూ సుప్రీంకోర్టు కూడా, కమిషన్ మాట వల్ల క్రిమినల్ కోర్టు తీర్పు చెదిరిపోదని అన్నది. ఈ రెండూ కలిపి చదవాలి. ఒకటి చూపించి ఇంకోటి దాచడం మన పని కాదు.

మరి శంకర్? జనవరి 20న అతని చేతిలో కూడా ఆయుధం పెట్టారు. యజమాని ఏం చేస్తే అదే చేయమన్నారు. యజమాని వెనక్కి తగ్గాడు, శంకరూ తగ్గాడు. తిరిగి హిందూ మహాసభ భవనం దగ్గరికి పోయి, యజమాని చెప్పినట్టు సరుకు వెనక అడవిలో పాతిపెట్టాడు. దొరికాక పోలీసుల్ని తీసుకుపోయి తవ్వి చూపించాడు. అతని మీద బలపరిచే సాక్ష్యం కావలసినంత దొరికింది, ఎందుకంటే చేతులతో చేసే పని అంతా అతనిదే. మోసింది అతను, పాతింది అతను, తవ్వింది అతను. మేడ మీద ఏమనుకున్నారో దానికి సాక్షి ఉండడు. గొయ్యి తీసినవాడికి మాత్రం గొయ్యే సాక్ష్యం. సరుకు అమ్మిన యజమాని క్షమాభిక్షతో ఇంటికి పోయాడు. నౌకరుకు ద్వీపాంతర శిక్ష పడింది. జడ్జికి కూడా మనసొప్పలేదేమో, దాన్ని ఏడేళ్ళకు తగ్గించమని సిఫార్సు చేశాడు. సిమ్లాలో కూర్చున్న తూర్పు పంజాబు హైకోర్టు 1949 జూన్ 21న, యజమాని ఆజ్ఞ ప్రకారం నడుచుకున్న నౌకరుకు కుట్ర తెలుసనడానికి ఆధారం చాలదని అతన్ని విడిచిపెట్టింది. గ్వాలియర్ డాక్టరు పర్చురే కూడా అదే తీర్పులో బయటపడ్డాడు. నవంబరు 15న గాడ్సేను, ఆప్టేను అంబాలా జైల్లో ఉరితీశారు.

అంటే కుట్ర కేసుల్లో సాక్ష్యం కిందికి తేలిగ్గా దిగుతుంది, పైకి ఎక్కడానికి మెట్లుండవు. ఇది ఒక్క గాంధీ కేసు సంగతి కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ఆ కేసులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, ఇంకో 35 మందికి ఏడాది జైలు వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరు ఎవర్ని ఎక్కడ ఎప్పుడు కొట్టారో సాక్షులు ఖచ్చితంగా, వెంటనే చెప్పలేదన్నది కారణాల్లో ఒకటి. పొలాల్లో పరుగెత్తినవాళ్ళను గడియారం చూసుకున్నారా అని అడిగినట్టుంది అది. అక్కడ పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు. ఇక్కడా మూడు ప్రశ్నలూ వేయాల్సిందే: ఎవరికి ముందే తెలుసు, ఎవరికి చెప్పారు, చెప్పాక ఏం చేశారు?

అధ్యయన తరగతులు నడిపే మిత్రులకు ఒక సూచన. కపూర్ నివేదిక పెద్దది, విసుగు పుట్టించేది, ఒకే విషయం పదిసార్లు వస్తుంది. మొత్తం చదవలేకపోతే జనవరి 20 నుంచి 30 దాకా ఉన్న భాగాన్ని, మార్చి 4 వాంగ్మూలాలున్న భాగాన్ని చదవండి. ఒక పెద్ద కాగితం మీద తేదీల వారీగా మూడు గళ్ళు గీయండి. ఏ తేదీన ఏ కాగితం ఎవరి చేతికొచ్చింది, ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరు సంచిలో పెట్టుకుని రైలెక్కారు. తర్వాత మీ జిల్లాలో జరిగిన ఏదైనా దాడి తాలూకు ఎఫ్.ఐ.ఆర్., కేస్ డైరీ, అంతకు ముందు ఊరివాళ్ళు కలెక్టరుకో ఎస్.ఐ.కో పెట్టుకున్న అర్జీల నకళ్ళు తీసుకుని ఆ గళ్ళలోనే నింపండి. అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ ఉండేట్టు చూసుకోండి. కానిట్కర్ ఉత్తరం రాసి ఉండకపోతే, ఖేర్‌కు 1947లోనే ముప్పు సంగతి తెలుసని ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరూ చెప్పగలిగేవాళ్ళు కాదు.